ఆ ఏడుగురు ఎలా చనిపోయారో ఎవరూ అడగరు

మొన్న ఆదివారం మా బావ ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్ పడేశాడు. ‘ఖమ్మంలో క్యాన్సర్ టీకా వేసిన ఏడుగురు ఆడపిల్లలు చనిపోయారు, అందరికీ పంపండి’ అని, చివర నాలుగు దండాలు. పది నిమిషాల్లో అక్క ఫోన్. ‘ఒరేయ్, వచ్చే వారం దీనికి హెచ్‌పీవీ టీకా వేయిద్దామనుకున్నాం కదా, ఇప్పుడేం చేయమంటావు?’ దీనికి అంటే మా మేనకోడలికి. పన్నెండేళ్ళు. హెచ్‌పీవీ టీకా అంటే ఆడవాళ్ళకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది, ఫార్వర్డ్‌లోని ‘క్యాన్సర్ టీకా’ అదే.

మాది కొత్తగూడెం. ఆ గొడవ నాకు బాగానే గుర్తుంది. 2009లో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్ అనే కేంద్ర వైద్య పరిశోధన సంస్థతోనూ అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వంతోనూ కలిసి మన ఖమ్మం జిల్లాలో, అటు గుజరాత్‌లోని వడోదరలో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు ఈ టీకా వేయించింది. ఖమ్మంలోనే దాదాపు 14 వేల మంది. వాళ్ళలో హాస్టళ్ళలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు చాలామంది. చావుల వార్తలు బయటికొచ్చాక 2010 ఏప్రిల్లో కేంద్రం ఆపించింది. కాబట్టి ఏడుగురూ ఖమ్మం వాళ్ళే కాదన్నది పక్కన పెడితే, బావ పంపినదాంట్లో అబద్ధమేమీ లేదు. టీకా వేశారు, పిల్లలు చనిపోయారు.

ఎలా చనిపోయారో మాత్రం అందులో రాయలేదు. కేంద్రం వేసిన విచారణ కమిటీ చూసిన కారణాల్లో నీళ్ళలో మునగడం ఉంది, పాము కాటు ఉంది, మలేరియా ఉంది, పురుగుల మందు ఉంది. మన ఏజెన్సీలో పిల్లలు ఎలా చనిపోతారో ఆ పిల్లలూ అలాగే చనిపోయారు. ఇంకో లెక్క చెప్తాను. రెండు జిల్లాల్లో కలిపి టీకా పడ్డ పిల్లలు సుమారు 24 వేలు. ఆ వయసులో ఏడాదికి పదివేలకు ఐదుగురే చనిపోతారనుకుందాం, ఏ టీకా లేకుండానే. అంటే పన్నెండు మంది. టీకా బదులు అందరికీ తలా ఒక పెన్ను పంచినా, ఏడాది తిరిగేసరికి ‘పెన్ను పుచ్చుకున్న పిల్లల్లో ఇంతమంది పోయారు’ అని వార్త రాయొచ్చు. ఎంతమంది పోయారన్నది సగం ప్రశ్నే. మామూలుగా ఎంతమంది పోయేవాళ్ళు అన్నది మిగతా సగం, అది ఏ ఫార్వర్డ్‌లోనూ రాదు.

అలాగని ఖమ్మంలో తప్పు జరగలేదా అంటే, జరిగింది, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఇచ్చిన నివేదికలో దీన్నంతా కడిగేసింది. తల్లిదండ్రులు బతికే ఉన్నారు, పక్క ఊళ్ళోనే ఉన్నారు, అయినా ఎవరో వార్డెన్ సంతకం. మన పిల్లలకైతే ఒప్పుకుంటామా? అడగాల్సింది అది. కానీ టీకా చంపింది అన్న కేక ముందు ఈ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు, అందుకు బాధ్యులైనవాళ్ళకు అదే చల్లగా కలిసొచ్చింది.

కోవిడ్ టీకా, గుండెపోట్ల సంగతీ ఇదే. జిమ్‌లో ఒకడు కుప్పకూలిన వీడియో రాగానే ‘రెండు డోసులూ వేయించుకున్నాడట’ అంటారు. వేయించుకోనివాళ్ళు మన చుట్టుపక్కల ఎంతమంది ఉన్నారండీ? ఐసీఎంఆర్ ఒక పని చేసింది. హఠాత్తుగా చనిపోయిన 18-45 ఏళ్ళవాళ్ళు 729 మందిని తీసుకుని, ఒక్కొక్కరికి అదే చుట్టుపక్కల ఉండే అదే ఈడు వాళ్ళను నలుగురు చొప్పున, 2,916 మందిని పోల్చి చూసింది. 2023లో వచ్చిందది. రెండు డోసులు వేయించుకున్నవాళ్ళలో ఇలాంటి చావు ముప్పు పెరగలేదు సరికదా తక్కువగా కనిపించింది. ఎక్కువగా కనిపించింది కోవిడ్‌తో ఆస్పత్రి పాలైనవాళ్ళలో, ఇంట్లో ఇలాంటి చావు అంతకుముందే ఉన్నవాళ్ళలో, చనిపోయే ముందు రెండు రోజుల్లో విపరీతంగా తాగినవాళ్ళలో, ఆ రెండు రోజుల్లోనే తీవ్రమైన కసరత్తు చేసినవాళ్ళలో.

టీకాలను సమర్థించే మా వైపు వాళ్ళకూ ఒక మాట ఉంది, కోప్పడకండి. ఫ్రాన్స్‌లో 2 కోట్ల 80 లక్షల మందికి పైగా జనాన్ని దాదాపు నాలుగేళ్ళు గమనించి, కోవిడ్ టీకా వేయించుకున్నవాళ్ళలో అన్ని రకాల చావులూ పాతిక శాతం తక్కువ అని 2025 డిసెంబర్లో ప్రచురించారు. వెంటనే ‘టీకా ఆయుష్షు పెంచింది’ అని మనవాళ్ళ సంబరం. ఆగండి. టీకాకు వెళ్ళేవాళ్ళు మామూలుగానే బీపీ చూపించుకుంటారు, మందులు వేళకు వేసుకుంటారు. మంచానపడి రేపో మాపో అన్నట్టున్నవాణ్ణి టీకా లైన్లో ఎవరూ నిలబెట్టరు. ఆ తేడా లెక్కలో కలిసిపోతుంది, దాన్ని పూర్తిగా విడదీయడం ఎవరి తరమూ కాదు. ఆ అధ్యయనం నుంచి నేను తీసుకునేది ఒక్కటే: టీకా జనాన్ని రహస్యంగా చంపుతుంటే, అంత పెద్ద గుంపులో నాలుగేళ్ళలో ఎక్కడో ఒకచోట బయటపడాలి. పడలేదు.

బయటపడ్డది కూడా ఉంది కదా, మన కోవిషీల్డే. రక్తం గడ్డకట్టి ప్లేట్‌లెట్లు పడిపోయే అరుదైన జబ్బు. 2024లో ఆ టీకాను రూపొందించిన ఆస్ట్రాజెనెకా కంపెనీ బ్రిటన్ కోర్టులో ఒప్పుకుందని మన టీవీలు గుండెలు బాదుకున్నాయి గానీ, 2021 ఏప్రిల్లోనే బ్రిటన్ ముప్పై ఏళ్ళలోపు వాళ్ళకు వేరే టీకా ఇమ్మంది, డెన్మార్క్ అయితే దాన్ని పూర్తిగా మానేసింది. ఎలా పట్టుకున్నారు? ఆ జబ్బు మామూలుగా ఎంతమందికి వస్తుంది, టీకా తర్వాత ఎంతమందికి వచ్చింది అని పోల్చి. గుండెపోట్ల విషయంలో కాదు అని చెప్పిన లెక్కే ఇక్కడ అవును అని చెప్పింది. ఒకదాన్ని నమ్మి రెండోదాన్ని కుట్ర అంటే ఎలా?

అక్కకు ఇంత ఉపన్యాసం ఇవ్వలేదు. పాము కాటు, పురుగుల మందు సంగతి చెప్పాను, వార్డెన్ల సంతకాల సంగతి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ‘సరే, ఆ ఫారం ముందు నాకు ఫొటో తీసి పంపమంటాను, చదివే సంతకం పెడతా’ అంది. గురువారం వేయించింది. పిల్లకి చెయ్యి రెండు రోజులు నొప్పి పెట్టింది, ఆ వంకతో హోంవర్క్ ఎగ్గొట్టింది.

బావ మాత్రం ఆ ఫార్వర్డ్ ఇంకా డిలీట్ చేయలేదు.