తాతలు నేతులు తాగారు, మా కిల్టులు చూడండి

స్కాట్లాండ్‌లోనే ఉండిపోయిన స్కాట్‌లను చూస్తే జాలేస్తుంది. పొద్దున్నే ప్యాంటు తొడుక్కుని ఆఫీసుకి పరిగెత్తడం, సాయంత్రం కరెంటు బిల్లు చూసి తిట్టుకోవడం. మీ వంశం ఏ యుద్ధంలో ఎటువైపు నిలబడిందని అడిగితే తెల్లమొహం వేస్తారు. సంస్కృతిని కాపాడే బరువంతా పాపం అమెరికాకి ఎప్పుడో వలసపోయిన స్కాట్‌ల వారసుడు, నార్త్ కరోలినాలో పళ్ళ డాక్టరు నెత్తిన పడింది. గ్రాండ్‌ఫాదర్ మౌంటెన్ దగ్గర 1956 నుంచి జరుగుతున్న హైలాండ్ (అంటే ఉత్తర స్కాట్లాండ్ కొండసీమ) ఆటలకి, జులై నెలలో, మోకాళ్ళదాకా వచ్చే గళ్ళ లంగాలాంటి మందపాటి ఉన్ని కిల్టు కట్టుకుని వెళ్ళి, తన ఇంటిపేరున్న టెంటు కింద కూర్చుని, ఎన్నడూ చూడని లోయ మీద బెంగపెట్టుకునేది ఆయనే. ఆయన పూర్వీకుడు నిజానికి స్కాట్లాండ్ దక్షిణాన మైదానంలో రైతు, కిల్టు కట్టిన హైలాండరు కనిపిస్తే పశువుల దొంగ వచ్చాడని తలుపేసుకునే రకం. పోయినవాళ్ళు అడ్డు చెప్పలేరు, అదో సౌకర్యం.

గిట్టనివాళ్ళు చరిత్ర తవ్వుతారు. ఇంటిపేరుకో గళ్ళ డిజైను, అదే టార్టన్, అనే ఏర్పాటు చాలావరకు 19వ శతాబ్దపు సరుకేనట. 1746లో చట్టం చేసి హైలాండ్ దుస్తుల్ని నిషేధించారు, 1782లో ఎత్తేశారు, 1822లో బ్రిటన్ రాజు నాలుగో జార్జి ఎడిన్‌బరో వస్తే నవలా రచయిత వాల్టర్ స్కాట్ దగ్గరుండి ఊరంతటికీ అవే కట్టించాడు, భారీకాయుడైన రాజుగారు కూడా కిల్టు కట్టి కింద గులాబీరంగు మేజోళ్ళు తొడిగారు. 1842లో ఇద్దరన్నదమ్ములు పాత రాతప్రతి దొరికిందంటూ ఏ వంశానికి ఏ గళ్ళో అచ్చేశారు. ఆ ప్రతి దొంగదని తర్వాత తేలింది, గళ్ళు మాత్రం షాపుల్లో ఉండిపోయాయి. ఇక చర్చిలో టార్టన్లకు ఆశీర్వాదం చేయించే సనాతన ఆచారం పుట్టింది 1941లో, అదీ వాషింగ్టన్‌లో! అయితే ఏంటట? ఆచారాన్ని పుట్టినతేదీ అడుగుతారా ఎవరైనా?

తిండి విషయంలోనూ నిష్ఠ తక్కువేం కాదు. హాగిస్ అనే స్కాట్లాండ్ వంటకంలో గొర్రె ఊపిరితిత్తులు పడాలి, అమెరికా 1971 నుంచి వాటిని తిండిలో వాడనివ్వదు, కాబట్టి ఊపిరి లేని హాగిస్‌తోనే ఒళ్ళు పులకరిస్తుంది. ఇంకా డబ్బులు మిగిలితే ఆన్‌లైన్‌లో ఒక చదరపు అడుగు స్కాట్లాండ్ కొనుక్కుని 'లార్డు' అయిపోవచ్చు. అంత చిన్న ముక్కని అక్కడి భూముల రిజిస్టరు ఎక్కించుకోదు, వంశచిహ్నాల వ్యవహారం చూసే లార్డ్ లయన్ కార్యాలయం ఆ పట్టాభిషేకాన్ని గుర్తించదు. అసూయ, ఇంకేముంటుంది.

ఒక్క చిక్కుంది. జమైకాలో కాంప్‌బెల్ అనే ఇంటిపేరు ఎక్కడపడితే అక్కడ వినిపిస్తుంది. చెరకు తోటల్లో బానిసల్ని పెట్టి పనిచేయించిన స్కాట్‌ల నుంచి వచ్చిన పేరది, కొందరికి పేరుతోపాటు రక్తం కూడా. జనవరి 25న ఖండఖండాల్లో గ్లాసులెత్తి తలుచుకునే స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ సైతం 1786లో అక్కడి తోటలో లెక్కలు రాసే కొలువుకి ఓడెక్కబోయి, పుస్తకం అమ్ముడుపోవడంతో ఆగిపోయాడు. వంశమే ముఖ్యమైతే కాంప్‌బెల్ టెంటులో ముందు వరస కుర్చీలు జమైకా రాజధాని కింగ్‌స్టన్ వాళ్ళకే వేయాలి మరి. వేస్తారా అని నన్నడక్కండి, కుర్చీల సంగతి కమిటీ చూసుకుంటుంది.