ఇల్లు అలకగానే పండగే

మన పెద్దవాళ్ళు చాలా విషయాల్లో గట్టివాళ్ళే కానీ ఒక్కచోట తొందరపడ్డారు. ఇల్లు అలకగానే పండగ కాదన్నారు. పాపం, కొత్త యాప్ కోసం ముందే కట్టిపెట్టిన కోడ్ చట్రం, అదే స్టార్టర్ టెంప్లేట్, దాని సంగతి వాళ్ళకు తెలియదు. బెంగళూరు మారతహళ్ళిలో నాలుగేళ్ళుగా చూస్తున్నాను, ఇక్కడ అలకడమే పండగ. ఏ శనివారం ఏ ఫ్లాట్ తలుపు తట్టినా ఎవడో ఒకడు కొత్త ప్రాజెక్టు సెటప్ చేస్తూ ఉంటాడు. పూర్తిచేసినవాడు మాత్రం ఇంతవరకూ ఎదురుపడలేదు. పూర్తి చేయడం మొరటు పని అని నేనూ ఇటీవలే గ్రహించాను.

మా ఫ్లాట్‌లో నలుగురం. కావలి, ఒంగోలు, కడప, భీమవరం. నందిని పాలు, నీళ్ళ ట్యాంకరు, గ్యాసు, వంటామె జీతం - ఈ లెక్కంతా క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో రాసుకుంటాం. నెలాఖరుకి ఒంగోలువాడూ కడపవాడూ 140 రూపాయల దగ్గర పోట్లాడుకుంటారు. నలుగురు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లున్న ఇంట్లో పెన్సిలేమిటని సిగ్గేసి, ఒక శుక్రవారం రాత్రి ఈ లెక్కకో యాప్ రాయడానికి నేను నడుం కట్టాను.

ఏ టెంప్లేట్ అయినా ముందు అడిగేది ప్రాజెక్టు పేరు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని వెక్కిరించినవాళ్ళు ఇక్కడా పొరబడ్డారు. పేరు పెట్టకపోతే ఫోల్డర్ రాదు, ఫోల్డర్ రాకపోతే సోమలింగం పుట్టేదెక్కడ? ‘పాలలెక్క’ అన్నాను. మరీ ఊరి పేరులా ఉందన్నాడు భీమవరంవాడు. పదకొండున్నరకి ‘క్షీరసాగర్’ ఖాయమైంది. డొమైన్ దొరుకుతుందా లేదా అని చూసేసరికి ఒంటిగంట.

ఇక ఏ టెంప్లేట్ అన్నది. వెబ్ పేజీలు కట్టే రియాక్ట్ అనే సరంజామాకి 2016లో ఫేస్‌బుక్ వాళ్ళు క్రియేట్ రియాక్ట్ యాప్ అనే రెడీమేడ్ సెటప్ తెచ్చినప్పుడు మా సీనియర్లంతా దానితోనే అక్షరాభ్యాసం చేసుకున్నారు. 2025 ఫిబ్రవరి 14న, ఇక కొత్త ప్రాజెక్టులకు దాన్ని వాడొద్దని రియాక్ట్ బృందమే ప్రకటించింది. అన్నేళ్ళు కాపురం చేసినవాళ్ళకి ఆ మాట ప్రేమికుల రోజునే చెప్పాలా? ఇప్పుడందరూ దాని బదులు వీట్ అనే ఇంకో పనిముట్టు పేరు చెబుతున్నారు. అది ఒట్టి గోడలిస్తుంది. రెండు లోగోలు, నొక్కితే అంకె పెరిగే ఒక బటన్, అంతే. పాలప్యాకెట్లు లెక్కపెట్టడానికి ఆ బటన్ ఒక్కటీ చాలని ఇప్పుడు తడుతోంది గానీ, ఆ రాత్రి మాకది ఆనలేదు.

అన్నీ ఉన్న టెంప్లేట్ ఒకటి దించుకున్నాం. లాగిన్, పాస్‌వర్డ్ మర్చిపోతే మెయిల్, డార్క్ మోడ్, ఐదు భాషలు, కార్డు పేమెంట్లు. బెంగళూరులో సెమీ ఫర్నిష్డ్ ఇల్లు తీసుకున్నవాళ్ళకి ఈ అనుభవం కొత్త కాదు. అన్నీ ఉంటాయి, మనవి కావు. ఒక అల్మరాకి ఓనర్ తాళం ఉంటుంది, గోడకున్న మేకు పీకకూడదు. టెంప్లేట్‌లోనూ అంతే. దేనికీ పనికిరాని ఫైల్ కదా అని ఒకటి తీసేశాను, లాగిన్ పేజీ తెల్లబోయింది. మళ్ళీ పెట్టేశాను. అది ఏం చేస్తుందో అడక్కండి, ఉండనివ్వండి.

తర్వాత ఎన్‌పీఎం ఇన్‌స్టాల్, అంటే వేరేవాళ్ళు రాసిపెట్టిన కోడ్ ముక్కల్ని (వాటినే ప్యాకేజీలంటారు) ఎన్‌పీఎం అనే గోదాం నుంచి దించుకోవడం. వెయ్యి పైచిలుకు ప్యాకేజీలు దిగాయి. ఇన్నెందుకని అడిగేవాళ్ళకి పని పంచుకోవడం తెలియదు. ఎన్‌పీఎంలో ఈజ్-ఈవెన్ అని ఒక ప్యాకేజీ ఉంది. అంకె సరిసంఖ్య అవునో కాదో చెబుతుంది. ఎలాగంటే, ఈజ్-ఆడ్ అనే ఇంకో ప్యాకేజీని పిలిచి ‘ఇది బేసా?’ అని అడిగి, అది చెప్పినదానికి తలకిందులుగా చెబుతుంది. ఆ ఈజ్-ఆడ్ ఏమో, అసలిది అంకేనా అని ఈజ్-నంబర్‌ని అడుగుతుంది. కులం సర్టిఫికెట్ కోసం ఆఫీసులో మూడు బల్లలు తిరిగిన తెలుగువాడికి ఇందులో వింతేమీ కనపడదు. చిన్న బల్లే కదా అనుకోకూడదు సుమా. 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే ప్యాకేజీని, దాన్ని రాసినాయన కోపమొచ్చి తీసేశాడు. మొత్తం 11 లైన్లు, చేసే పని అక్షరాలకు ఎడమపక్క ఖాళీలు పెట్టడం. దాన్ని నమ్ముకున్న బిల్డ్‌లు, అంటే కోడ్‌ని యాప్‌గా తయారుచేసే పనులు, దేశదేశాల్లో ఆగిపోయాయి. పంక్తిలో ఉప్పు వడ్డించేవాడు అలిగి వెళ్ళిపోతే పెళ్ళే ఆగినట్టు.

ఇన్‌స్టాల్ అయ్యాక కింద రెండు కబుర్లు వస్తాయి. ఇన్ని ప్యాకేజీలు విరాళం కోసం చూస్తున్నాయి, ఇన్ని భద్రతా లోపాలున్నాయి. చవితి పందిరి కుర్రాళ్ళు కూడా ఇంత నిజాయితీగా చందా అడగరు. లోపాలు బలవంతంగా సరిచేసే కమాండ్ ఒకటుంది, కొట్టాను. 12 ఉన్నవి 19 అయ్యాయి. ఇక వాటి జోలికి పోలేదు.

యాప్ రహస్యాలు దాచే ఎన్వ్ ఫైల్లో పాస్‌వర్డ్‌ల్లాంటి తాళాలన్నీ పెట్టేసరికి రెండు వారాంతాలు గడిచాయి. మూడో ఆదివారం సాయంత్రం క్షీరసాగర్ ఆన్‌లైన్‌కి ఎక్కింది. చూడటానికి రెండు కళ్ళూ చాలలేదు. ప్లాన్లు మూడు: ఫ్రీ, ప్రో, ఎంటర్‌ప్రైజ్. ఎంటర్‌ప్రైజ్ కావాలంటే సేల్స్ వాళ్ళతో మాట్లాడాలట. నేనేరా సేల్స్, అన్నాను. ‘మరి నేను ఏ ప్లాన్‌లో ఉన్నాను?’ అని ఒంగోలువాడు గుచ్చిగుచ్చి అడిగాడు. పాలు తాగడు కాబట్టి ఫ్రీ అన్నాం. కింద జాన్ డో అనే ఆయన ఫొటో, ఈ ఉత్పత్తితో తన వ్యాపారమే మారిపోయిందని ఆయన రాసిన నాలుగు మంచి మాటలు. టెంప్లేట్‌తో పాటు వచ్చాడాయన, మేకు లాగే. పాల లెక్క వేసే పేజీ ఒక్కటే రాయాల్సి ఉంది.

ఆఫీసులో చూపిస్తే అందరూ మెచ్చుకున్నారు. ఫోల్డర్లు భలే సర్దావన్నాడు మా లీడ్. లెక్క ఎక్కడుందని ఒక్కరూ అడగలేదు. ఆ సంస్కారం ఈ ఊళ్ళోనే చూశాను.

ఊళ్ళో నాన్నకు కూడా లింకు పంపాను. ముప్పయ్యేళ్ళు కిరాణా కొట్టు నడిపిన మనిషి. రాత్రి భోంచేసి తీరిగ్గా ఫోన్ చేశారు.

“చూశాన్రా, బ్రహ్మాండంగా ఉంది. ఎవర్రా ఈ జాన్ డో? మీ ఫ్లాట్‌లోనే ఉంటాడా?”

“అబ్బే, ఊరికే పెట్టిన పేరు నాన్నా.”

“అలాగా. మరి పాల డబ్బులు ఇస్తున్నాడా?”