నా 1,499 రూపాయల హెడ్‌ఫోన్స్ వారికి

మహారాజరాజశ్రీ నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ వారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. నిన్న మధ్యాహ్నం ఎల్బీనగర్‌లో విజయవాడ బస్సెక్కి తమర్ని తలకెత్తుకున్నాను. ఎమ్మార్పీ 6,999, ఆఫర్‌లో 1,499. కూర్చున్నచోటే అయిదున్నర వేలు మిగిల్చానని ఇంట్లో అందరికీ చెప్పుకున్న మొహం నాది.

బటన్ నొక్కగానే ఎవరో మహాతల్లి "నాయిస్ క్యాన్సిలింగ్ ఆన్" అని చెవిలో అరిచింది. నిశ్శబ్దం వచ్చిందని అంత గట్టిగా చాటాలా అండీ? సరే, పోనివ్వండి. ఇంజన్ రొద నిజంగానే సగం తగ్గింది, ఏసీ మోతా తగ్గింది. మనసులోనే తమకు దండం పెట్టుకున్నాను.

అప్పుడు వినపడింది, పక్క సీటాయన గొంతు.

"అది కాదు బావా, ఆ ఎకరంన్నర నాన్న పేరు మీదే ఉందిగా!"

అంతకుముందూ ఆయన ఫోన్‌లోనే ఉన్నాడు. కానీ ఇంజన్ మోత కింద అదంతా ఏదో గొణుగుడు. తమరొచ్చి ఆ దుప్పటి లాగేశారు. చౌటుప్పల్ దాటేసరికి ఎకరంన్నర సర్వే నంబరు నాకు నోటికొచ్చేసింది. నార్కట్‌పల్లి దగ్గర చెల్లెలు సంతకం పెట్టనందని తెలిసింది. సూర్యాపేటలో టీకి ఆగేటప్పటికి నేను చెల్లెలి పక్షం.

బయట శబ్దాన్ని మైకుతో విని, దానికి తలకిందులుగా ఉండే అలను వదిలి, రెండూ కొట్టుకుపోయేలా చేస్తారట. ఒకే తీరుగా సాగే బొంగురు మోతల మీద ఈ విద్య బాగానే పారుతుంది. సీలింగ్ ఫ్యాన్ మీద మీరు పులి, కాదనను. మాట, హారన్, చంటిపిల్ల ఏడుపు క్షణక్షణం మారతాయి, అవి మీకు చిక్కవు. ఆ ముక్క పెట్టె మీద వేస్తే ఏం పోయింది? మోత తగ్గింపు "35 డెసిబెల్స్" అని బొబ్బట్టంత అక్షరాలు, పక్కన "వరకు" అని ఆవగింజంత! ఈఎన్‌సీ అని ఇంకోటి గొప్పగా రాశారు. తీరా చూస్తే అది ఫోన్లో అవతలివాళ్ల సుఖం కోసమట, నా కోసం కాదు.

1978లో విమానంలో మోత భరించలేక బోస్ ఆడియో కంపెనీ పెట్టిన అమర్ బోస్ గారు ఈ ఆలోచన మొదలుపెట్టారంటారు. ఆయన పక్క సీట్లో భూమి తగాదా ఉన్నవాడు కూర్చుని ఉండడు.

అసలు ఇంజన్ నాకేం ద్రోహం చేసింది? పాపం, నన్ను విజయవాడ చేర్చే పనిలో ఉంది. నేను ఆపమన్నది దాన్నా? మనిషిని ఆపరా బాబూ అంటే, మనిషి గొంతు కడిగి, తుడిచి, చెవిలో పెడతావా? సౌండ్ మొత్తం పెంచాను. పాటకీ పాటకీ మధ్య రెండు సెకన్ల ఖాళీలో కూడా "స్టాంపు డ్యూటీ ఎవరు కడతారు బావా" అని దూరాడు! చెవులు చెమట పట్టి ఉడికిపోయాయి, అది వేరే సంగతి.

కోదాడ దాటాక అదే మహాతల్లి "బ్యాటరీ లో" అంది, నువ్వు గుటుక్కుమన్నావు. నలభై గంటలన్నావుగా? అది నాయిస్ క్యాన్సిలింగ్ ఆపుకుంటేనట. ఇంజన్ రొద మళ్లీ కప్పేసింది. సరిగ్గా అప్పుడే ఆయన లేచి కూర్చుని, "ఏంటీ, చెల్లి ఒప్పుకుందా?" అన్నాడు. ఆ తర్వాత నందిగామ దాకా చెవులు రిక్కించినా ఒక్క ముక్క అందలేదు. ఇబ్రహీంపట్నంలో దిగి వెళ్లిపోయాడు.

రిటర్న్ గడువు ఆదివారంతో ముగుస్తుంది. శుక్రవారం మళ్లీ అదే బస్సు. ఈసారి ఫుల్ ఛార్జింగ్ పెట్టి తెస్తాను.

ఇట్లు,
ఎల్బీనగర్ నుంచి కోదాడ దాకా మీ విధేయుడు