బ్రేక్ లైటు వెలగకపోతే బల్బొక్కటే దోషి కాదు

పాత కార్లు నడిపేవాళ్ల మధ్య ఒక సలహా చాలాకాలంగా చేతులు మారుతోంది. దాని సారం ఇది: "బ్రేక్ లైటు వెలగడం లేదా? బల్బు మార్చండి, అంతే. కొత్త బల్బు కూడా వెలగకపోతే మీటరు పెట్టి చూడండి, 12 వోల్టులు వస్తుంటే వైరింగు బాగున్నట్టే. ఏ లైటూ వెలగకపోతే వైరింగు మొత్తం మార్పించండి. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే ఒక సైజు పెద్దది వేయండి. ఈ గొడవంతా వద్దనుకుంటే ఎల్‌ఈడీ బల్బు పెట్టేయండి. ఎలాగూ పెడల్ నొక్కడానికి ఒకరు, వెనక నిలబడి చూడడానికి ఒకరు కావాలి కాబట్టి ఇది ఒంటరిగా తేలే పని కాదు."

ఇందులో మొదటి మాట సగం నిజం. మిగిలినవాటిలో చాలావరకు డబ్బు దండగ చేయించేవి. ఒకటి మాత్రం కారునే తగలబెట్టగలది.

ముందు ఆ సగం నిజం సంగతి చూద్దాం. ఒకవైపు లైటు ఆరిపోయి రెండోవైపుది వెలుగుతుంటే అనుమానం బల్బు మీదికి పోవడం న్యాయమే. ఎక్కువసార్లు దోషి అదే. కానీ కొత్తది కొనేముందు ఖర్చులేని పరీక్ష ఒకటి ఉంది. కుడివైపు బల్బు ఎడమకు, ఎడమది కుడికి మార్చి పెట్టండి. చీకటి కూడా బల్బు వెంట వెళితే తప్పు బల్బుది. బల్బు మారినా చీకటి ఉన్నచోటే ఉంటే తప్పు హోల్డరుదో, వైరుదో, ఎర్తుదో, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారిదో.

బల్బు తీగ నిరోధాన్ని మీటరుతో ఓములలో కొలిచి తేల్చుకుందామనుకునేవాళ్లకు ఒక మాట. 21 వాట్ల బల్బుకు లెక్క ప్రకారం సుమారు ఏడు ఓములు ఉండాలి, మీటరు చూస్తే ఒక ఓము కూడా చూపించదు. షార్టయిందనుకుని పారేయకండి. ఆ ఏడు ఓములు తీగ తెల్లగా కాగినప్పటి లెక్క. చల్లగా ఉన్నప్పుడు అందులో పదో వంతు ఉండడం మామూలే.

ఇంకొకటి. చాలా పాత కార్లలో వెనక ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు, అంటే వెలిగే తీగలు, ఉంటాయి: టెయిల్ లైటుకు 5 వాట్లది, బ్రేకుకు 21 వాట్లది. అందుకే "టెయిల్ లైటు వెలుగుతోంది కదా, బల్బు బాగానే ఉంది" అనే వాదన చెల్లదు. ఈ బల్బు పక్కలకుండే రెండు చిన్న పిన్నులను కావాలనే ఒకటి కాస్త పైకి, ఒకటి కాస్త కిందికి పెట్టారు, ఒకే తీరుగా కూర్చోవాలని. తొందరలో అటుదిటు చేసి బలవంతంగా దూర్చినవాళ్ల కారుకు టెయిల్ లైటు ధగధగలాడుతుంది, బ్రేకు నొక్కితే మాత్రం పెద్ద తేడా కనిపించదు.

ఇక ఆ 12 వోల్టుల మాట. నా తగవు ముఖ్యంగా దీనితోనే. బల్బు పీకేసి ఖాళీ హోల్డరులో మీటరు ముల్లు పెట్టి, 12 కనిపించగానే వైరుకు మంచి నడవడిక పత్రం ఇచ్చేస్తారు. డిజిటల్ మీటరు కరెంటు తీసుకోవడమంటూ దాదాపు ఉండదు. పోగులన్నీ తెగి ఒక్కటి మిగిలిన వైరు గుండానైనా, తుప్పు పట్టిన క్లిప్పు గుండానైనా దానికి కావలసిన చుక్క వచ్చేస్తుంది. బల్బుకు చుక్క చాలదు, దాదాపు రెండు ఆంపియర్లు కావాలి. పైపు పూడిపోయినా, చివర కుళాయి కట్టేసి ఉన్నంతసేపు ఒత్తిడి నిండుగానే కనిపిస్తుంది. కుళాయి తిప్పినప్పుడే బండారం బయటపడుతుంది. అందుకే కొలిచేది బల్బు హోల్డరులో ఉండగానే, పెడల్ నొక్కి ఉండగానే కొలవాలి. మామూలు ఫిలమెంటు బల్బున్న టెస్ట్ లాంపు ఉంటే ఇంకా మేలు. అది తానూ కొంత కరెంటు తాగుతుంది కాబట్టి అంత సులభంగా మోసపోదు.

పైగా ఆ 12 ప్లస్ వైపు కథ మాత్రమే. బల్బు దాటిన కరెంటు తిరిగి బ్యాటరీకి చేరాలి కదా, ఆ ఎర్తు దారి వైపు ఎవరూ కన్నెత్తి చూడరు. నేనూ చూడలేదు. నా కారుకు ఎడమవైపు బ్రేక్ లైటు పోతే వరసగా రెండు కొత్త బల్బులు మార్చాను, రెండూ వెలగలేదు. చీకటి పడ్డాక లైట్లు వేసి పెడల్ నొక్కితే, అప్పటిదాకా మసకగా వెలుగుతున్న ఎడమ టెయిల్ లైటు ఆరిపోయింది. పక్కనున్న ఇండికేటరు సన్నగా మినుకుమంది. నొక్కింది బ్రేకు, పలికింది ఇండికేటరు! సొంత ఎర్తు మూసుకుపోతే కరెంటు ఊరుకోదు, పక్క బల్బుల గుండా దొడ్డిదారి వెతుక్కుంటుంది. డిక్కీ లోపలి కవరు ఊడదీసి చూశాను. ఎర్తు వైరును బాడీకి బిగించిన స్క్రూ చుట్టూ పచ్చని చిలుము, రింగు కింద ఎర్రని తుప్పు. స్క్రూ వేళ్లతోనే తిరిగింది. ఉప్పుకాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, రింగును గీకి, గట్టిగా బిగించాను. పారేద్దామని పక్కన పెట్టిన పాత బల్బే నిక్షేపంలా వెలిగింది.

ఇంత నాటకం కోసం ఎదురుచూడకుండా కొలిచి కూడా తేల్చుకోవచ్చు. పెడల్ నొక్కి ఉంచి, మీటరు ఒక ముల్లు హోల్డరు ఎర్తు మీద, రెండోది బ్యాటరీ మైనస్ మీద పెట్టండి. 0.1, 0.2 వోల్టులు చూపిస్తే బాగున్నట్టు. ఒకటి దాటిందా, దొంగ దొరికినట్టే. ఒక వోల్టే కదా అనుకోవద్దు. బల్బుకు అందే వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది.

"ఏ లైటూ వెలగకపోతే వైరింగు మొత్తం మార్పించండి" అనడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే. రెండు పక్కలవీ, మధ్యలో పైనుండేదీ కలిపి మూడు బల్బులూ, వాటి వైర్లూ కూడబలుక్కుని ఒకే రోజు చావవు. అన్నీ ఒక్కసారే పోయాయంటే తప్పు ఉమ్మడి చోటే ఉంటుంది, చాలా కార్లలో అది ఫ్యూజు కావాలి లేదా పెడల్ దగ్గరి స్విచ్చి కావాలి. ఆటోమేటిక్ గేరు కారులో గేరు కడ్డీ కూడా పార్కు నుంచి కదలనని మొరాయిస్తుంటే అనుమానం స్విచ్చి మీదికే మరింతగా పోవాలి. చాలా కార్లలో గేరు కడ్డీని పార్కులో పట్టి ఉంచే తాళానికి కబురు వెళ్లేదీ అక్కడి నుంచే.

ఆ స్విచ్చి పనితీరు తలకిందులుగా ఉంటుంది. కాలు తీసినప్పుడు పెడల్ వచ్చి దాని పుల్లను లోపలికి అదిమి లైట్లు ఆర్పుతుంది. బ్రేకు నొక్కితే పుల్ల బయటికి వచ్చి లైట్లు వెలుగుతాయి. రెండే వైర్లున్న స్విచ్చి అయితే ప్లగ్గు పీకి, ఫ్యూజు ఉన్న చిన్న వైరు ముక్కతో ఆ రెంటినీ కలపండి. లైట్లు వెలిగితే స్విచ్చి పోయినట్టే. నాలుగు వైర్లుంటే మాత్రం ఆ కారు వైరింగు పటం చూడకుండా చెయ్యి పెట్టవద్దు. మరీ పాతకాలపు కార్లలో ఈ స్విచ్చి పెడల్ దగ్గర కాక బ్రేకు నూనె గొట్టానికే ఉంటుంది, నూనె ఒత్తిడితో పనిచేస్తుంది. గట్టిగా తొక్కితేగానీ లైట్లు వెలగడం లేదంటే అది ముసలిదైందని అర్థం.

లైట్లు వెలగకపోవడమే కాదు, ఆరకపోవడమూ ఇక్కడి జబ్బే. పెడల్ చేతికి ఉన్న రంధ్రంలో చిన్న రబ్బరు బిళ్లో ప్లాస్టిక్ బిళ్లో ఉంటుంది, పుల్లను అదిమేది అదే. ఏళ్లు గడిచాక అది పెళుసుబారి పొడి అవుతుంది. పుల్ల ఆ ఖాళీ రంధ్రంలోకి దూరిపోతుంది, లైట్లు రాత్రంతా వెలుగుతూనే ఉంటాయి. డ్రైవరు కాళ్ల దగ్గరి చాప మీద గట్టి పెచ్చుల్లాంటి ముక్కలు కనిపిస్తే ఊడ్చి పారేసేముందు ఒకసారి ఆలోచించండి.

మూడో లైటు వెలుగుతూ కింది రెండూ వెలగకపోతే? ఫ్యూజు, స్విచ్చి చాలావరకు నిర్దోషులే. బ్రేకుకూ ఇండికేటరుకూ ఒకే ఫిలమెంటు వాడే కార్లలో, అమెరికా పాత కార్లలో ఇది మామూలు, బ్రేకు కరెంటు స్టీరింగు కింది ఇండికేటరు స్విచ్చి గుండా వెళుతుంది. అది అరిగితే వెనక బ్రేక్ లైట్లు పోతాయి. ఈ సంగతి తెలియక వెనకంతా విప్పి కూర్చునేవాళ్లున్నారు.

ఫ్యూజు సలహా గురించి ఎక్కువ రాయను. ఫ్యూజు ఉన్నది బల్బును కాపాడడానికి కాదు, వైరును కాపాడడానికి. అది మళ్లీ మళ్లీ పోతోందంటే చాలావరకు వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోంది. డిక్కీ మూత కీలు దగ్గర వంగి వంగి పై పొర చిట్లిన చోట ముందు చూడండి. పెద్ద ఫ్యూజు వేస్తే ఈసారి కరిగేది ఆ వైరు.

ఎల్‌ఈడీ బల్బు రోగాన్ని కుదర్చదు, దాస్తుంది. దానికి కొద్దిపాటి కరెంటు చాలు కాబట్టి చెడిపోయిన ఎర్తు మీద కూడా వెలుగుతుంది. ఈలోగా అదే ఎర్తును పంచుకునే ఇండికేటరు, రివర్స్ లైటు తిప్పలు పడుతుంటాయి.

చివరిది, ఇద్దరు మనుషుల మాట. రాత్రిపూట కారును గోడకు దగ్గరగా వెనక్కి పెట్టి బ్రేకు నొక్కితే ఎర్రని వెలుగు అద్దంలోనే కనిపిస్తుంది. మీటరు పట్టుకుని వెనక పని చేయాలంటే సీటుకూ పెడల్‌కూ మధ్య ఒక కర్ర బిగిస్తే సరి. కర్ర తీయడం మాత్రం గుర్తుంచుకోవాలి. మూడు 21 వాట్ల బల్బులు కలిపి ఐదు ఆంపియర్లకు పైగా లాగుతాయి, 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ తెల్లారేసరికి చేతులెత్తేస్తుంది. ఈ లెక్క నేను ముందుగా వేసుకున్నది కాదు, తెల్లారాక వేసుకున్నది.