అది కటీఫ్ కాదు, వెలి

ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో వారం నుంచి ఒక మెసేజ్ తిరుగుతోంది. "కొట్టలేదు, తిట్టలేదు. మాట్లాడకపోతే వేధింపా? ఇవన్నీ ఆడపిల్లల అలకలు. పట్టించుకోకపోతే వాళ్లే సర్దుకుంటారు" అని. ఇందులో ఒక్క మాట కూడా నేను ఒప్పుకోను.

చిన్నప్పుడు మనమూ కటీఫ్ చెప్పుకున్నాం. కానీ కటీఫ్ ఇద్దరి మధ్య వ్యవహారం, ఎవరు ముందు పలకరించినా తీరిపోతుంది. గుంపంతా కలిసి ఒక్కరిని వెలేస్తే ఆ ఒక్కరి చేతిలో ఏముంటుంది? మా వీధిలో ఆంధ్రాలోని పాతపట్నం నుంచి వచ్చిన ఎనిమిదో తరగతి పిల్ల ఉంది. టీచరుకి చాడీలు చెప్తోందని ఎవరో పుట్టించారు. అంతే, నిన్నటిదాకా తెలుగులో కబుర్లాడిన స్నేహితురాళ్లు తను దగ్గరికి రాగానే ఒడియాలోకి మారిపోయేవారు. ఆ పిల్లకి ఒడియా ఇంకా సరిగ్గా రాదు. మధ్యాహ్నం తను కూర్చుంటే వాళ్లు లేచేవారు. పాత వాట్సాప్ గ్రూపు వదిలేసి, తను లేకుండా కొత్తది పెట్టుకున్నారు. టిఫిన్ బాక్సు మూత తీయకుండానే ఇంటికొచ్చేది. వంట నచ్చలేదేమోనని వాళ్లమ్మ రెండు వారాలు కూరలు మార్చి చూసింది.

దెబ్బ కనబడదు కాబట్టి నొప్పి లేదనుకోవద్దు. 2003లో అమెరికాలో ముగ్గురు ఆడే కంప్యూటర్ బంతాటతో ఒక ప్రయోగం చేశారు. మిగతా ఇద్దరూ బంతి ఇవ్వడం మానేస్తే చాలు, ఒంటికి నొప్పి కలిగినప్పుడు స్పందించే మెదడు భాగమే అప్పుడూ స్పందించింది.

ఇక ఆడపిల్లల అలకలంటారా? 1995లో క్రిక్, గ్రోట్‌పీటర్ అనే పరిశోధకులకి ఇలా స్నేహాలతో దెబ్బతీయడం అమ్మాయిల్లోనే ఎక్కువగా కనిపించింది. కానీ 2008లో 148 అధ్యయనాలు కలిపి చూస్తే అమ్మాయిలకీ అబ్బాయిలకీ తేడా నామమాత్రమే. క్రికెట్‌కి ఎవరూ పిలవని అబ్బాయిని మీరూ చూసే ఉంటారు.

పట్టించుకోవద్దన్న సలహా మరీ ప్రమాదం. ఏడిపించేవాళ్లకి మన ఏడుపు కావాలి, అక్కడ పట్టించుకోకపోవడం కొంత పనిచేయొచ్చు. వెలేసేవాళ్లకి కావలసిందే ఆ పిల్ల నోరెత్తకుండా పక్కకి పోవడం. నేను పదేపదే అడిగితే మూడో రోజుకి నోరు విప్పింది: "పిన్నీ, నేనేం చేశానో చెప్పమను, చాలు." వాళ్లమ్మ క్లాస్ టీచర్ని విడిగా కలిసింది. ఆవిడ ఎవరినీ నిలబెట్టి తిట్టలేదు, ప్రాజెక్టు జట్లు మాత్రం తనే వేసింది. ఇప్పుడు ఒక ఒడియా అమ్మాయి పక్కన కూర్చుంటోంది. పాత గుంపు ఇంకా మాట్లాడదు. అయినా అన్నం తింటోంది. ఇంట్లో చెప్పుకోలేని పిల్లలు పిల్లల సహాయ నంబరు 1098కి గానీ, మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలి మానస్ 14416కి గానీ ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు.

మెసేజ్ పంపినవాళ్లలో ఆ క్లాసు పిల్లల తల్లులూ ఉన్నారు. మీ పిల్లలకి సొంత ఫోన్లు లేవు. ఆ రెండో గ్రూపు మీ ఫోన్లలోనే ఉంది.