మత్తు సూది గాయానికి రికార్డేదీ?

గత వారం మా కార్యాలయానికి వచ్చిన దేవరకొండ వైపు పల్లె మహిళ కింది దవడ పన్ను పీకించుకుని నాలుగు నెలలైంది. నాలుక కుడి సగానికి పట్టిన తిమ్మిరి నేటికీ వదలలేదు. అన్నం తింటూ నాలుక కొరుక్కుంటే, ముద్దలో నెత్తురు కనిపించే దాకా ఆమెకు తెలియడం లేదు. సూది గుచ్చగానే నాలుకలోకి కరెంటు కొట్టినట్టయిందని ఆమె అప్పుడే చెప్పింది. తర్వాత మూడుసార్లు వెళ్లినా దొరికిన జవాబు ‘తగ్గిపోతుందిలే అమ్మా’ అన్నదే. ఆమె దగ్గరున్న చీటీ మీద మూడు మాత్రల పేర్లున్నాయి. ఇచ్చిన మత్తు మందేదో, ఎంత ఇచ్చారో, ఆమె చెప్పిన ఆ షాక్ సంగతేమిటో ఒక్క అక్షరమూ లేదు.

ఇలాంటివి చాలా అరుదని, ఎక్కువ మందికి ఎనిమిది వారాల్లో తగ్గిపోతాయని, జనాన్ని భయపెడితే వైద్యానికే రారని దంత వైద్యులు అంటారు. అరుదన్న మాట నిజమే. కింది దవడ లోపలి వైపు, వెనకగా సూది ఇచ్చే చోటే నాలుకకు వెళ్లే నరం ఉంటుంది కాబట్టి, ఎంత నేర్పున్న చేతిలోనైనా ఒక్కోసారి గాయం కావచ్చు. దానికి వైద్యుడిని దోషిగా నిలబెట్టాలని మేం అనడం లేదు. మా అభ్యంతరమల్లా దాన్ని కాగితం మీద పెట్టకపోవడం గురించే.

అరుదు అన్న సంగతైనా లోకానికి తెలిసింది రాసిపెట్టిన వాళ్ల వల్లనే. కెనడాలోని ఒంటారియోలో 1973 నుంచి 1993 వరకు దంత వైద్యులే స్వయంగా తెలియజేసిన కేసులను పరిశోధకులు వెలికితీసి, శస్త్రచికిత్సతో సంబంధం లేకుండా కేవలం సూది తర్వాత మిగిలిన తిమ్మిరి కేసులు 143 అని 1995లో ప్రకటించారు. సుమారు 7,85,000 ఇంజెక్షన్లకు ఒకటి చొప్పున ఇవి జరుగుతున్నాయని, 4 శాతం గాఢత ఉన్న ఆర్టికేన్, ప్రిలోకేన్ మందులతో ఎక్కువగా కనిపిస్తున్నాయని అప్పుడే తేలింది. తప్పు మందుదా, సూది మొనదా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉన్నా, వాదించడానికి వాళ్ల దగ్గర లెక్కలున్నాయి. మన దగ్గర ఉన్నది ‘తగ్గిపోతుందిలే’ అన్న మాట ఒక్కటే. చీటీ మీద మందు పేరే లేనప్పుడు, రేపు పాలమూరులోనో మిర్యాలగూడలోనో మరొకరికి ఇదే జరిగితే రెంటినీ పక్కపక్కన పెట్టి చూసేదెవరు?

ఫ్లోరైడ్ నీళ్లతో తరాలుగా పండ్లకు గార పట్టి, ఎముకలు వంగిన నల్లగొండ జిల్లా ఇది. ఊరూరా నీళ్లు పరీక్షించి కాగితం మీద పెట్టాకే ఆ బాధ పాలకుల చెవికెక్కింది. ఆ అనుభవమున్న గడ్డ మీదనే నోటి మాటతో రోగిని సాగనంపడం ఆనవాయితీ అయితే ఎలా సహించగలం?

చట్టాలకు కొదవ లేదు. తగినంత సమాచారం ఇచ్చాకే రోగి సమ్మతి తీసుకోవాలని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2010 నుంచి ఉంది. 1800-180-3024 నంబరుకు రోగులు కూడా ఫోన్ చేసి చెప్పవచ్చు. ఈ నంబరు ఎన్ని దంత వైద్యశాలల గోడల మీద కనిపిస్తోంది? క్లినిక్‌లకు రిజిస్ట్రేషన్ ఇచ్చే జిల్లా అథారిటీకి కలెక్టరే అధ్యక్షులు. మత్తు మందు పేరు, గాఢత, మోతాదు, గుచ్చిన చోటు చీటీ మీద రాయాలని, తిమ్మిరి మర్నాటికీ వదలకపోతే రోగిని పిలిపించి పరీక్షించి ఆ వివరాలు భద్రపరచాలని ఆయన ఆదేశించడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. దంత వైద్యులు ఆ ఆదేశం కోసం ఎదురు చూడాల్సిన పనీ లేదు. డిగ్రీ పట్టాను అద్దాల ఫ్రేములో పెట్టి వచ్చిన వారందరికీ కనిపించేలా గోడకు తగిలించిన చేతికి, ఆ గోడ కిందనే కూర్చున్న రోగి చీటీ మీద తానిచ్చిన మందు పేరు రాయడం ఎందుకు బరువవుతోంది?