కంటైనర్‌లో వాన: బావ, బావమరిది వాదన

గుంటూరు తేజ మిర్చి కంటైనర్‌లో చైనా చేరేసరికి బూజు పట్టి ఉంటే తప్పెవరిది? ఈ ప్రశ్న ఇచ్చి ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టాను. బావ మిర్చి ఎగుమతిదారు. బావమరిది మెరైన్ సర్వేయరు, అంటే సరుకు పాడైందంటే వెళ్లి చూసి రిపోర్టు రాసే మనిషి. మనుషులిద్దరూ కల్పితం, వాళ్లు చెప్పే చట్టాలూ కేసులూ నిజం. నేను బావమరిది పక్షం. అలాగని బావ నోరు నొక్కలేదు.

బావ: ఏటా బీమా ప్రీమియం కడుతున్నాను. ఆల్ రిస్క్స్ పాలసీ. పేరులోనే ఉంది కదయ్యా, అన్ని రిస్కులూ అని. సరుకు తడిస్తే వాళ్లే ఇస్తారు. నువ్వొచ్చి గోడలకి పేపర్ అంటించు, డెసికెంట్ (తేమ పీల్చే సంచి) వేలాడదీయి, తేమ కొలిచే మీటర్ పెట్టు అంటావు. ఒకే నష్టానికి రెండు ఖర్చులా?

బావమరిది: ఆ పాలసీ ఎప్పుడైనా చదివారా బావా?

బావ: బ్రోకర్ చదివే ఉంటాడులే.

బావమరిది: అందులో ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజులు ‘ఏ’ అని, ఓడ సరుకు బీమాకి వాడే షరతులు ఉంటాయి. నాలుగో క్లాజు చూడండి. దేనికి డబ్బులివ్వరో అక్కడ రాసి ఉంటుంది. ప్యాకింగ్ సరిగా లేకపోతే ఇవ్వరు. మీ మనుషులే కంటైనర్‌లో బస్తాలు పేరిస్తే ఆ పేర్చడం కూడా ప్యాకింగ్ కిందికే వస్తుంది. సరుకు తన గుణం వల్ల తానే పాడైతే ఇవ్వరు. ఆలస్యం వల్ల పాడైనా ఇవ్వరు. పాలసీలో వేరేగా రాసుకోకపోతే, ఈ చివరి రెండిటి గురించి మన 1963 మెరైన్ ఇన్సూరెన్స్ చట్టం 55వ సెక్షన్ చెప్పేదీ ఇదే.

బావ: సరుకు గుణమేంటయ్యా? నేను పంపింది ఎండుమిర్చి, పాలు కాదు విరిగిపోవడానికి. తడిసిందంటే ఓడలో నీళ్లు పడ్డాయనేగా?

బావమరిది: పడింది మీరు పంపిన నీళ్లే. లెక్క చూడండి. కంటైనర్‌లో పన్నెండు టన్నుల సరుకు ఉందనుకుందాం. తేమ 12 శాతం అంటే అందులో 1,440 కిలోల నీళ్లు ఉన్నట్టు. ఫిబ్రవరిలో గుంటూరు ఎండలో నింపి తలుపులు బిగిస్తారు. ఓడ ఉత్తరానికి పోయేకొద్దీ చలి. చైనా రేవు చింగ్‌డావ్ దరిదాపులకు వెళ్లేసరికి ఇనుప పైకప్పు చల్లబడుతుంది, లోపలి బస్తాలు ఇంకా వెచ్చగానే ఉంటాయి. కాయలోంచి ఆవిరి లేచి కప్పుకి తగిలి చుక్కలు కడుతుంది, ఆ చుక్కలు పై వరస బస్తాల మీద పడతాయి. దీన్నే మావాళ్లు కంటైనర్ వాన అంటారు. ఒక్క చిల్లు లేకపోయినా కురుస్తుంది. నేను తలుపు తీసేసరికి కింద వరసలు బంగారంలా ఉంటాయి, పైన రెండు వరసలు నల్లబడి బూజు కంపు కొడుతుంటాయి. తడిసిన చోట సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తాను. సముద్రపు నీరైతే ఉప్పుకి తెల్లగా విరుగుతుంది. విరగలేదంటే అది సముద్రం పని కాదని రాయాల్సిందే.

బావ: అలా రాసి నా క్లెయిమ్ పోగొడతావన్నమాట!

బావమరిది: నేను రాయకపోయినా పోతుంది. కలకత్తా నుంచి రోటర్‌డామ్‌కి తోలు చేతిగ్లవుజులు వెళ్లాయి. అచ్చం ఇదే కథ. గ్లవుజుల్లోని తేమే లేచి, కప్పుకి పట్టి, మళ్లీ గ్లవుజుల మీదే పడింది. నీళ్లు పైనుంచి పడ్డాయి కదా అని కొన్నవాళ్లు వాదించారు. ఆ నీళ్లు సరుకులోంచి వచ్చినవేగా అని 1990లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు బీమా వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. నోటెన్, హార్డింగ్ కేసు. మన పాలసీ క్లాజులు పుట్టింది కూడా లండన్‌లోనే.

బావ: కేసులు నీకొక్కడికే తెలుసా? మా క్లియరింగ్ ఏజెంట్ కూడా ఒకటి చెప్పాడు. కొలంబియా కాఫీ గింజలు కంటైనర్‌లో జర్మనీ వెళ్లాయి. ఇలాగే చెమ్మ పట్టింది. 2018లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఓడ కంపెనీనే కట్టమంది. జాగ్రత్తగా తెచ్చామని మీరే రుజువు చేయండి అంది. లోపల వేసిన కాగితం సరిపోతుందని వాళ్లు నిరూపించలేకపోయారు. మరి దీనికేమంటావ్?

బావమరిది: వోల్కాఫే కేసు. గట్టి తీర్పే. రుజువు భారం ఓడ కంపెనీదేనని తేల్చింది, అది మీకు పనికొచ్చే మాటే. కానీ ఆ కంటైనర్లలో కాగితం వేసిందీ బస్తాలు పేర్చిందీ ఓడ కంపెనీ పెట్టిన మనుషులు. మీ కంటైనర్ ఎక్కడ నిండుతోంది? మీ కోల్డ్ స్టోరేజీ ముందు, మీ మేస్త్రీ కళ్లెదుట. మీ బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) మీద ‘షిప్పర్స్ లోడ్, స్టో అండ్ కౌంట్’ అని ఉంటుంది. నింపిందీ పేర్చిందీ లెక్కపెట్టిందీ మీరే అని దానర్థం.

బావ: ఆ కంటైనర్ ఇచ్చిందెవరయ్యా? చెన్నై నుంచి ట్రైలర్ మీద వస్తుంది. సొట్టలు, తుప్పు, లోపల అంతకుముందు ఏ సరుకు పోసారో ఆ కంపు. వెనక్కి పంపితే ఇంకోటి ఎప్పుడొస్తుందో తెలీదు, ఈలోగా ఓడకి సరుకు అందించాల్సిన గడువు దాటిపోతుంది. ట్రైలర్ వెయిటింగ్ ఛార్జీ నాదే. నా పెట్టె ఓడలో అడుగున పెడతారో, పైన డెక్ మీద మంచులో పెడతారో అడిగే హక్కు కూడా నాకు లేదు. 2020 నవంబరు 30న పసిఫిక్‌లో వన్ ఏపస్ ఓడ నుంచి 1,816 కంటైనర్లు సముద్రంలో పడ్డాయట. దానికి ఏ డెసికెంట్ కట్టమంటావ్?

బావమరిది: దానికి ఏదీ కట్టలేరు, అందుకే పాలసీ. 2025 మేలో కేరళ దగ్గర ఎల్సా 3 ఓడ మునిగినప్పుడూ అంతే. తుఫాను, మునక, అగ్నిప్రమాదం మీ చేతిలో లేనివి, వాటికి ప్రీమియం కట్టండి. ఇక కంటైనర్ సంగతంటారా, ఒక మనిషిని లోపల పెట్టి తలుపులు మూయించండి. ఎక్కడైనా వెలుగు కనబడితే ఆ పెట్టె వద్దు. ఐదు నిమిషాల పని. చాలా గోడౌన్లలో అదీ చెయ్యరు.

బావ: చెయ్యాల్సింది హమాలీలు. వాళ్లు వింటారా? కొక్కెం వెయ్యొద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నా వేస్తారు. టిక్కీ (మిర్చి బస్తా) చిరుగుతుంది, గింజ రాలుతుంది.

బావమరిది: బస్తాకింత అని కూలి ఇస్తే ఎవరైనా బస్తాలే లెక్కపెడతారు బావా. ఎండలో ఇనుప పెట్టెలో మిర్చి ఘాటుకి ఊపిరాడక దగ్గుతూ పేరుస్తున్నారు. రోజు కూలి ఇచ్చి, మాస్కులిచ్చి చూడండి, కొక్కెం పక్కన పెడతారో లేదో.

బావ: యూనియన్ రేటు నేను మారుస్తానా? నువ్వు ఏసీ కారులో వచ్చి ఫొటోలు తీసుకుపోయేవాడివి, హమాలీ బాధ నాకు చెబుతావా? మా నాన్న మోసి మోసి మెడ వంగిపోయిందయ్యా!

బావమరిది: పెద్దాయన్ని అనలేదు బావా...

బావ: సరే, అసలు సంగతి వినుకో. నువ్వనే తేమ రెండు శాతం తగ్గించాననుకో. పన్నెండు టన్నుల మీద హీనపక్షం 240 కిలోలు ఆవిరైపోతాయి. కిలో 150 అనుకున్నా 36 వేలు. ఒక్కో కంటైనర్‌కి, ప్రతిసారీ, ఖాయంగా! బూజంటావా, పదింటిలో ఒకదానికి వస్తుందో రాదో. నీళ్లకి కూడా మిర్చి రేటే పలికే బజారులో ఎండబెట్టినవాడే వెర్రివాడు. పక్క షాపువాడు నీళ్లు కొట్టి తూకం వేస్తుంటే నేను మీటర్ పట్టుకు తిరగాలా? పైగా బొత్తిగా ఎండితే కాయ పటపటా విరుగుతుంది. విరిగిన కాయకి రేటు కోస్తారు. నువ్వు రిపోర్టు రాసి పోతావు, ఆ కోత నాకు.

(ఇక్కడ బావమరిది కాసేపు మాట్లాడలేదు. నాకూ దీనికి పూర్తి జవాబు దొరకలేదు. మిర్చి యార్డులో తేమని బట్టి ధర కట్టే పద్ధతి గట్టిగా రానంతకాలం బావ లెక్క తప్పని చెప్పలేం.)

బావమరిది: విరగడం నిజమే. ఎముకలా ఎండబెట్టమని నేనూ అనను. పది, పదకొండు శాతం దగ్గర ఆపండి. నీళ్లు కొట్టిన లాటుని మాత్రం ఎక్కించొద్దు. అక్కడ మీరు అమ్మేది కాయ బరువు కాదు, పైన కొట్టిన నీళ్లు. మొదట ఆవిరయ్యేవి అవే. తడి కాయలో అఫ్లాటాక్సిన్ (బూజు వదిలే విషం) పుడితే కంటైనర్ కంటైనరే పోతుంది. యూరప్ వాళ్ల పరిమితి అందులో బి1 అనే రకం కిలోకి 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10. మన మిర్చిని అక్కడ మామూలు కంటే ఎక్కువ తనిఖీ చేస్తున్నారు. అక్కడ తిరగ్గొడితే 36 వేలు కాదు, రానూ పోనూ ఓడ కిరాయి కూడా మీ నెత్తినే.

బావ: నేను యూరప్‌కి పంపను.

బావమరిది: చైనా వాడైనా బూజు కొనడు. తడిసిందని సాకు పెట్టి రేటు తెగ్గోసి, డిస్కౌంట్ ఇస్తేనే డబ్బు కట్టి డాక్యుమెంట్లు విడిపిస్తానంటాడు. నిరుడు మీకు అదే జరిగింది. ఎంత వదులుకున్నారో అక్కకి కూడా చెప్పలేదు.

బావ: అక్కని మధ్యలోకి లాగకు. సరే, నువ్వన్నట్టే పాలసీలో వేరేగా రాసుకుంటా. వేడికీ చెమ్మకీ కూడా వర్తించే బీమా కవర్ ఉందటగా? ఇండోనేషియా సోయా గింజల కేసులో అది ఉన్నందుకే బీమా వాళ్లు కట్టాల్సొచ్చిందని విన్నాను.

బావమరిది: ఉంది. 1983లో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో బ్రిటన్ అత్యున్నత కోర్టు) తీర్పు. వేడి, చెమ్మ, తనంతట తాను నిప్పంటుకోవడం, మూడిటికీ కలిపి తీసుకున్న పాలసీ అది. తీసుకోండి, నేను కాదనను.

బావ: దాని ప్రీమియం ఎంతో రేపే కొటేషన్ తెప్పించు.

బావమరిది: తెప్పిస్తా. కానీ ఆ కవర్ ఇచ్చే ముందు కంపెనీ వాళ్లు ఎక్కించినప్పటి తేమ రిపోర్టు అడుగుతారు. మీటర్ కొనే ఉంచండి.

బావ: ఆ మీటర్ ఖర్చు నీ ఫీజులో కోసుకుంటా.